పర్వతాలు పట్టుకున్న వితౌట్

పర్వతాలు మనిషి ముఖం చూడడు. ఎదురొచ్చి నమస్తే పెట్టినా ముందు వాళ్ల కాళ్ల వంక చూసి, ఆ తర్వాతే తలెత్తుతాడు. సికింద్రాబాద్ స్టేషన్ గేటు దగ్గర ముప్పై మూడేళ్లు టికెట్లు అడిగిన మనిషి మరి. టికెట్ ఉన్నవాడి నడకలో తేడా ఉండదట. లేనివాడు గేటు ఇంకా పది గజాలుందనగానే అడుగు చిన్నది చేస్తాడు, బొటనవేలు పక్కదారి వైపు తిరుగుతుంది. ముఖానికి నవ్వు పులుముకున్నా, ఫోను చెవికి ఆనించుకున్నా కాళ్లు మాత్రం మాట వినవు. ఇదీ ఆయన శాస్త్రం. టికెట్ లేనివాణ్ణి గేటు భాషలో 'వితౌట్' అంటారు. "గా నీలిచొక్క వితౌట్," అని పర్వతాలు అన్నాడంటే ఇక ఆ నీలిచొక్కా తప్పించుకున్న దాఖలా లేదు.

లెక్క ఒక్కసారి మాత్రం తప్పింది. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

రిటైరై మూడేళ్లయింది. గేటు పోయింది గానీ గేటు బుద్ధి పోలేదు. రెజిమెంటల్ బజార్‌లో ఇంటి మేడ మీద కుర్చీ వేసుకుని, కింద వచ్చేపోయేవాళ్ల కాళ్లు చూస్తూ కూర్చుంటాడు. పాలవాడి మీద అనుమానం, గ్యాసు బండ మోసుకొచ్చేవాడి మీద అనుమానం. చాయ్‌లో అల్లం కాస్త తగ్గితే, మిగిలిన అల్లం ఏమైందని భార్య స్వర్ణలతను నిలదీస్తాడు. అలాంటి ఇంటికి కాబోయే అల్లుడుగా రావాలంటే ఎవడికైనా గుండె ధైర్యం కావాలి.

ఆ ధైర్యం చేసినవాడు హేమచంద్ర. పర్వతాలు ఒక్కగానొక్క కూతురు వసుధ పనిచేసే ఆఫీసులోనే పని. తెనాలి వైపు వాళ్లు, వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లయింది. వసుధే ఇష్టపడింది. కుర్రాడు మర్యాదస్థుడు, మాట మెత్తన. వంక పెట్టడానికి పర్వతాలుకు ఏమీ దొరకలేదు, కాళ్లు తప్ప.

హేమచంద్ర బూట్లు విప్పడు! మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ "ఇప్పుడే వెళ్లిపోవాలండీ మామయ్యగారూ," అంటూ గడప అవతలే నిలబడ్డాడు. నిశ్చితార్థంలో అందరూ చెప్పులు విడిచి కూర్చుంటే, ఇతగాడు బూట్లతోనే కుర్చీ ఎక్కాడు. పైగా నిలబడ్డప్పుడల్లా ఎడమ పాదం వాకిలి వైపు తిరిగి ఉంటోంది. ఆ పాదం పర్వతాలుకు కంట్లో నలుసైంది.

"ఆ పిలగాడు ఏదో దాస్తున్నడు," అన్నాడు భార్యతో.

"బూట్లు ఇప్పకపోతే దొంగనా ఏంది? ఊకో," అంది స్వర్ణలత.

"ఇంట్ల కాలు పెట్టనోడు అల్లుడెట్లయితడే?"

స్వర్ణలత జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి ఇలా తప్పుకోవడం కూడా ఆయన లెక్కలో పడింది.

పెళ్లి నెల రోజులుందనగా డాన్సు క్లాసులు షురూ అయ్యాయి. రిసెప్షన్‌లో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ చేతులు పట్టుకుని అందరికంటే ముందు ఆడతారట. దాన్ని ఫస్ట్ డాన్స్ అంటారట. వారానికి మూడు సాయంత్రాలు, ఏ.ఎస్. రావు నగర్‌లో.

"నేను సుత వస్త. జెరసేపు కూసొని చూస్త," అన్నాడు పర్వతాలు.

"వద్దు డాడీ. సర్‌ప్రైజ్," అంది వసుధ. ముఖం నవ్వుతూనే ఉంది. ఒక కాలి బొటనవేలు మాత్రం రెండో కాలి గొలుసును అదేపనిగా రాస్తోంది. పర్వతాలు చూశాడు.

వెంటనే వెంటపడేవాడే. కానీ ఆ దారి ఒకసారి నడిచి దెబ్బతిన్నాడు. వసుధ ఇంటర్ చదివే రోజుల్లో, ట్యూషన్ దాకా దొంగచాటుగా వెళ్లి, తోటి పిల్లల ముందు ఆమె బ్యాగు బోర్లించాడు. అందులోంచి ఒక టిఫిన్ డబ్బా, రెండు గైడ్లు పడ్డాయి. వసుధ ఏడవలేదు. అన్నీ ఏరుకుని బ్యాగులో పెట్టుకుని, "ఇంకొక్కసారి నా ఎనక వస్తే ఇగ నీతోని మాట్లాడ డాడీ," అంది. అన్నంత పనీ చేసే పిల్ల. తండ్రి పోలికే.

అందుకే పర్వతాలు పరేషాన్ అయ్యాడు. వెళ్లి చూస్తే, అనుమానం ఉత్తదని తేలితే, బిడ్డ దూరమైపోతుంది. వెళ్లకుండా ఊరుకుంటే, అనుమానమే నిజమైతే, బిడ్డ బతుకు ఆగమైపోతుంది. శుభలేఖలు అచ్చయి వచ్చి బీరువాలో ఉన్నాయి, ఒక్కటీ పంచలేదు. ఆపాలంటే ఇప్పుడే ఆపాలి.

పది రోజులు పళ్లబిగువున ఆగాడు. పదో రోజు వసుధ ఇంటికొచ్చి చున్నీ తీస్తుంటే, కుడి మోచేతి పైన ఎర్రగా వేళ్ల అచ్చులు కనబడ్డాయి.

"ఏందిది?"

"డాన్సుల పట్టుకుంటరు గద డాడీ."

"పట్టుకుంటరా, పిసుకుతరా?"

వసుధ నవ్వేసి గదిలోకి వెళ్లింది. స్వర్ణలత ఏమీ అడక్కుండా నొప్పుల మందు సీసా తీసుకుని వెనకే వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. కూతురి చేతి మీద దెబ్బలుంటే తల్లి ఎందుకని అడగదా? ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు. పర్వతాలు ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాడు.

మర్నాడు కాక ఆ మర్నాడు క్లాసు. టోపీ కళ్ల మీదికి లాక్కుని, మూతికి మాస్కు కట్టుకుని బస్సెక్కాడు. మాస్కు, టోపీ పెట్టుకుంటే తన నడక ఎవరికీ తెలియదనుకున్నాడు పాపం, తన శాస్త్రం తనే మరిచిపోయి. క్లాసు ఒక చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో ఉంది. చప్పుడు కాకుండా మెట్లెక్కి సగంలో ఆగాడు. పైన పాట ఆగింది. మాటలు వినబడ్డాయి.

"మరి రిసెప్షన్ రోజు ఎట్ల? విత్ చేస్తారా, వితౌటా? ఇవాళ ఫైనల్ చెప్పండి," అంది ఒక ఆడగొంతు. డాన్సు నేర్పే నాగజ్యోతి.

"వితౌటేనండి. ఎలాగోలా లాగించేస్తాను," అన్నాడు హేమచంద్ర. "మామయ్యగారికి మాత్రం తెలియకూడదు."

"దొరికిపోతే?" ఇది వసుధ.

"రెండు నిమిషాల పని. ఎవరు పట్టుకుంటారు?"

పర్వతాలు చెవిలో ఇక వేరే మాట పడలేదు. వితౌట్! తన నోటితో తనే ఒప్పుకున్నాడు. ఎవరు పట్టుకుంటారట! మూడేళ్లుగా చల్లబడిన రక్తం ఒక్కసారి మరిగింది. మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోశాడు.

"దొరికినవ్! ఎవని దగ్గర వితౌట్ నడిపిస్తనంటున్నవ్?" అంటూ పాత అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముందుకు చాపాడు. "తియ్. ఏం దాస్తున్నవో బయటికి తియ్!"

గదిలో అద్దాల నిండా ఆయనే కనబడుతున్నాడు, టోపీతో, మాస్కుతో, చాపిన చేత్తో. వసుధ ముఖం తెల్లగా పాలిపోయింది. హేమచంద్ర ఆమె వైపు ఒకసారి చూసి, గోడ పక్క బెంచీ మీద కూర్చుని, బెంచీ కింద నుంచి ఒక వస్తువు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తెల్లటి ప్లాస్టిక్ పట్టీ. పిక్క నుంచి అరికాలు దాకా వచ్చేది, రెండు బెల్టులున్నది. తర్వాత ఎడమ ప్యాంటు పైకి మడిచాడు. కుడి పిక్కలో సగం కూడా లేదు ఎడమ పిక్క.

"టెంత్‌లో బండి మీంచి పడ్డానండీ. నరం దెబ్బతింది, పాదం పైకి లేవదు," అన్నాడు. "ఇది పెట్టుకుంటే మామూలుగానే నడుస్తాను. కానీ బూటు లేకపోతే ఇది నిలవదు. మీ ఇంట్లో బూటు విప్పి, ఇదీ విప్పి, మీ ముందు కాలీడ్చుకుంటూ రావడానికి సిగ్గేసింది."

పర్వతాలు ఎడమచేత్తో మాస్కు కిందికి లాక్కున్నాడు.

"దెబ్బ తగిలాక నలుగురిలో ఎప్పుడూ డాన్సు చెయ్యలేదండీ. నా పెళ్లిలోనైనా చెయ్యాలనిపించింది. పట్టీ ఉంటే ఆడేటప్పుడు ప్యాంటు కింద తెలిసిపోతుంది, మీరు ముందు కాళ్లే చూస్తారని వసుధ అంది. అందుకని ఇది లేకుండా, వితౌట్ ప్రాక్టీస్ చేస్తున్నాం. పడబోయినప్పుడల్లా తన చెయ్యి పట్టుకుంటున్నాను. కమిలిపోయింది పాపం."

"మీ అమ్మకు..." అన్నాడు పర్వతాలు కూతురితో.

"అమ్మకు మొదటి రోజే చెప్పిన. నీకే చెప్పలే. ఎందుకో ఎరుకేనా?" అంది వసుధ. "నీకు చెప్తే గిట్లనే చెయ్యి సాపి నిలవడతవని."

పర్వతాలు చూసుకున్నాడు. చెయ్యి ఇంకా చాపే ఉంది.

"పో డాడీ," అంది వసుధ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఇంట్లో ఎప్పుడూ చెప్పని ఆ సంగతి వద్దన్నా గుర్తుకొచ్చింది. ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు. గోడ వారగా, అడుగులో అడుగేసుకుంటూ, పాదం పక్కకు తిప్పుకుని ఒక మనిషి వస్తున్నాడు. ఖాయంగా వితౌట్ అనుకుని పక్కకు లాగి, సంచీ సోదా చేసి, ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. టికెట్ చొక్కా జేబులోనే ఉంది. ఈలోగా అతను ఎక్కాల్సిన బండి వెళ్లిపోయింది. ఆ మనిషి తిట్టలేదు. "నా నడకే అంత సార్," అని మాత్రం అన్నాడు. ఇంతకాలమైనా పర్వతాలు ఆ మాట మరిచిపోలేదు, దాని నుంచి నేర్చుకున్నదీ లేదు. అది తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వసుధ అన్నమాట నిలబెట్టుకుంది. "అమ్మా, చాయ్ సల్లారుతుందని చెప్పు," అని తండ్రి ఎదుటే తల్లితో అనేది. పర్వతాలు శుభలేఖలన్నీ తనే తిరిగి పంచాడు. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాడు. గేటు దగ్గర ఎన్నడూ వాడని మాట కావడంతో నోరు తిరిగేది కాదు.

పెళ్లి బోయిన్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. కన్యాదానం ముందు వరుడి కాళ్లు కడగాలి. వధూవరుల మధ్య తెర పట్టారు. పర్వతాలు కింద కూర్చున్నాడు, స్వర్ణలత చెంబు పట్టుకుంది. పీటల మీది పెళ్లికొడుకు కుడికాలు పళ్లెంలో పెట్టి, ఎడమకాలు పంచె కింద దాచుకున్నాడు. అతని తల్లి శేషారత్నం పెళ్లి చేయించే అయ్యగారి చెవి దగ్గర వంగి, "ఒక్క కాలు కడిగితే సరిపోతుంది కదండీ," అని గుసగుసగా బతిమాలుతోంది. వెనక కుర్చీల్లో రెండు వైపులవాళ్లూ మెడలు సాచి చూస్తున్నారు.

"రెండోది సుత పెట్టు బిడ్డా," అన్నాడు పర్వతాలు.

హేమచంద్ర కదల్లేదు. పర్వతాలే పంచె అంచు పక్కకు జరిపి, ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని పళ్లెంలో పెట్టాడు. తేలికగా, చల్లగా ఉంది. వేళ్లు కిందికి వాలిపోయి ఉన్నాయి. జీవితంలో లక్షల కాళ్లు చూశాడు గానీ, ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. స్వర్ణలత నీళ్లు పోస్తుంటే వేళ్ల సందులతో సహా కడిగాడు. కండువాతో తుడిచాడు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మిగతా తంతు అయినంక పట్టీ పెట్టుకో," అన్నాడు, తెర అవతలికి కూడా వినబడేంత గట్టిగా. "రేపు డాన్సుకు సుత అది పెట్టుకొనే రావాలె. వితౌట్ నా దగ్గర నడవది."

తెర అవతల గాజుల చప్పుడు ఒకసారి అయి ఆగిపోయింది.

మర్నాడు రిసెప్షన్‌లో హేమచంద్ర పట్టీతోనే స్టేజీ ఎక్కాడు. అడుగు వేసినప్పుడల్లా ప్యాంటు కింద అది ఉబ్బెత్తుగా తెలుస్తూనే ఉంది. ఎవరో "కాలికేమైంది?" అంటే, "నరం దెబ్బతిన్నది. ఆట సూడు," అన్నాడు పర్వతాలు. నాగజ్యోతి నేర్పినట్టే హేమచంద్ర నిలబడి చెయ్యెత్తితే, వసుధ ఆ చేతి కింద గిర్రున తిరిగింది. రెండు నిమిషాలు. పడలేదు, తడబడలేదు. చప్పట్లు మోగాయి. మైకు పట్టుకున్నవాడు, ఇప్పుడు పెళ్లికూతురి తండ్రి స్టేజీ మీదికి రావాలని అరిచాడు.

ఇరవై రోజులుగా మాట్లాడని బిడ్డ పక్కన నిలబడి ఏం ఆడతాడు? పర్వతాలు ఫోను చెవికి పెట్టుకుని, గోడ వారగా, అడుగులు చిన్నవి చేసుకుంటూ భోజనాల గది వైపు జారుకోసాగాడు.

గుమ్మం దాకా వెళ్లేసరికి ఎదురుగా పట్టుచీర అంచు కనబడింది. తలెత్తాడు. వసుధ ఆయన ముఖం చూడటం లేదు. పక్కదారి పట్టిన ఆయన కాళ్లనే చూస్తోంది. చూసి చూసి, గోరింటాకు పెట్టిన కుడిచెయ్యి ఆయన ముందుకు చాపింది.

"టికెట్?" అంది.

పర్వతాలు ఫోను దించాడు. చొక్కా జేబు నిజంగానే తడుముకున్నాడు.

"లేదు బిడ్డా," అన్నాడు. "వితౌట్."

వసుధ ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ వైపు లాక్కెళ్లింది.