పడమటి గోడకు ప్లాస్టిక్ కవర్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క మా నాన్న, మధ్యలో భగభగ మండే పడమటి గోడ. ఇంత బిల్డప్ ఇచ్చాక చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది గానీ, జరిగిందల్లా కొత్తపేటలో మా సోఫాల వర్క్‌షాపు గోడకు రేకులు బిగించడం.

కారణం మా టైలర్ మాస్టర్. సోఫా బట్టలు కుట్టే ఆయన మిషన్ సరిగ్గా ఆ గోడ పక్కనే. మధ్యాహ్నం దాటితే అక్కడ దోసె పోసుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏసీ షాపువాళ్లు ఆయన్ని రమ్మన్నారు.

"నెలాఖరు దాకా చూస్తానండి. ఆ తర్వాత నా వీపు ఎటు పొమ్మంటే అటే" అన్నాడు మాస్టర్. గుంటూరు మాట, బెదిరింపు కూడా మర్యాదగానే ఉంటుంది. ఆయన పోతే మా సోఫాలకు బట్టలుండవు. ఆ పూట నాన్న చాయ్ ముట్టలేదు. మా ఇంట్లో అది రాజ్యం పోయినంత లెక్క.

రేకుల ఫిట్టర్ వచ్చి గోడ తట్టి చూశాడు. ఎండ లోపలికి దిగకుండా గోడకు బయటివైపు ఫోము, దాని మీద రంగు రేకులు వెయ్యాలన్నాడు. ఫోము అనగానే నాన్న ముఖం వెలిగింది.

"ఫోముకేం తక్కువ మనకు? లోపల గుట్టలున్నయ్!"

"సేటూ, గది మెత్తది. గోడకు పెడితే రేకులు ఊయలూగుతయ్. గట్టి ఫోము బోర్డులు గావాలె."

ఎల్బీ నగర్‌లో బోర్డులు కొని ట్రాలీ ఆటోలో వేశాం. మరీ తేలిక, గాలికి ఎగరకుండా నన్ను వాటి మీద కూర్చోబెట్టారు. చిన్నప్పట్నుంచి నాకు పెట్టిన అన్నం ఆ రోజు పనికొచ్చింది.

బోర్డులు అతికించాక ఫిట్టర్ రేకు మీది పల్చటి ప్లాస్టిక్ పొర పీకబోయాడు. నాన్న జేబుదొంగను పట్టినట్టు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది బై పీకుతున్నవ్? కొత్తదనం పోదా?"

సోఫా పంపిస్తూ "కవర్ తియ్యకుండ్రి" అని కస్టమర్లకు ఒట్టేయించుకునే మనిషి. మా ఇంట్లో టీవీ రిమోట్ ముఖం ఇంతవరకు నేనే చూడలేదు.

"డాడీ, గోడ మీద ఎవరు కూసుంటరు?" అన్నా.

"నువ్వు నోర్ముయ్."

పొర మీదనే స్క్రూలు దిగాయి. గోడ నిజంగానే చల్లబడింది. మాస్టర్ వీపు ఆనించి "బాగుందండీ" అన్నాడు. నాన్న మిఠాయి తెప్పించాడు.

మిఠాయి డబ్బా ఖాళీ అయ్యి ఎక్కువ రోజులు కాలేదు, పొర ఎండకు పెళుసెక్కి చిట్లింది. గాలి వీస్తే చాలు, టపటపటప. మాస్టర్ మిషన్ ఆపాడు.

"చల్లగానే ఉందండీ. కానీ నా వెనకాల రోజంతా ఎవరో విస్తళ్లు దులుపుతున్నట్టుంటే కుట్టు వంకర పోతోంది. ఏసీ షాపువాళ్లు మళ్లీ ఫోన్ చేశారు."

నాన్న బ్లేడు పట్టుకుని నిచ్చెనెక్కాడు. కింద నేను పట్టుకున్నా. కొత్తగా ఉన్నప్పుడు దుప్పటిలా వచ్చే పొర ఇప్పుడు గోరంత ముక్కలుగా తప్ప రానంటోంది.

"డాడీ, జర మెల్లగ. కొత్తదనం పోతది."

పైనుంచి ఒక చెప్పు పడింది.

సాయంత్రానికి టపటప ఆగింది. లోపల మిషన్ మొదలైంది. మాస్టర్‌కు ఫోన్ వచ్చింది. "లేదండీ, ఇక్కడే ఉంటాను" అనడం గోడ అవతల మాకూ వినిపించింది. నాన్న నిచ్చెన మీదే కళ్లు తుడుచుకున్నాడు. కంట్లో ప్లాస్టిక్ పొట్టు పడింది.

పొరను రేకు బిగించే ముందే పీకాలి. స్క్రూల కింద ఇరుక్కున్న ముక్కలు రావు.