చెయ్యి పట్టని గ్లాసు

ఆ రోజుల్లో నేను బేరం ఆడలేని వస్తువు లోకంలో లేదనుకునేవాణ్ణి. రాయ్‌పూర్‌లో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. మాటలకన్నా ముందు నాకు బేరమే వచ్చిందని మా అమ్మ అందరికీ చెప్పేది (గర్వంగానో, దిగులుగానో ఇప్పటికీ తెలీదు). శంకర్ నగర్‌లో కొత్తగా తెరవబోయే హోటల్లో సామాన్లు కొనే పని దొరికింది. మీసాల మేనేజరుగారు మొదటిరోజే పరీక్ష పెట్టారు. "వైన్ గ్లాసులు పట్రావయ్యా. సరైనవి తెచ్చావా, ఉద్యోగం ఖాయం. లేదంటే మీ నాన్న కొట్టు ఉండనే ఉంది."

గాజు సామాన్ల సేఠ్ మొదట పొట్ట ఉబ్బి, మూతి ముడుచుకున్న గ్లాసులు చూపించాడు. మా కొట్లో ఏ గిన్నెకైనా ఒకటే పరీక్ష: లోపలికి చెయ్యి పట్టాలి. పట్టకపోతే తోమేదెలా? "సేఠ్‌జీ, నా పిడికిలే దూరదు, ఎవరు కొంటారివి?" అని పిడికిలి ఊపి ఎగతాళి చేసి, పళ్లేల్లా నోరు తెరుచుకున్నవి సగం ధరకి కొట్టేసి, గెంతుకుంటూ వచ్చాను.

"ఏటయ్యా ఇవి, పాయసం పోస్తావా?" అన్నారు మేనేజరుగారు. తన గదిలోంచి మూతి ముడుచుకున్న గ్లాసొకటి తెచ్చి, అందులోనూ నేను తెచ్చినదాంట్లోనూ ఒకే సీసాలోంచి అడుగున కాస్త పోశారు. "కొలత తక్కువైంది సార్," అన్నాను (కొట్టు బుద్ధి!). "ముందు వాసన చూడు." నా గ్లాసులో వాసనంతా గాల్లో కలిసిపోయింది. రెండోదాన్ని గుండ్రంగా తిప్పి ముక్కు పెట్టానో లేదో, నేరేడుపళ్లు! వెనకాలే లవంగం! ఒక్క గుక్కకి ఒళ్లు ఝల్లుమంది. ఒకటే వైను, రెండు రుచులు! ఉద్యోగం ఊడుతోందన్న సంగతే మర్చిపోయి "ఇంకోసారి సార్!" అన్నాను.

"సాయంత్రంలోగా మార్చుకురా. లేకపోతే నువ్వూ రావద్దు."

"క్యా భయ్యా, పిడికిలి చిన్నదైందా?" అన్నాడు సేఠ్. అమ్మింది వాపసు తీసుకోనని భీష్మించాడు. వేరే దారిలేక, ఆయన తాగుతున్న గులాబీ షర్బత్‌నే రెండు రకాల గ్లాసుల్లోనూ కాస్త కాస్త పోసి, తిప్పి, ఆయన ముక్కు కింద పెట్టాను. సేఠ్ కళ్లు మూసుకున్నాడు. "అరే వాహ్! ఇంత మంచి సరుకని నాకే తెలీదు!" అని సంతోషంగా మార్చిచ్చి, అంతే సంతోషంగా ధర పెంచేశాడు. జన్మలో మొదటిసారి నోరెత్తకుండా అడిగినంతా ఇచ్చాను.

ఉద్యోగం నిలిచింది. ఆ గ్లాసుల్లో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో మజ్జిగ పోసుకుంటే కరివేపాకు వాసన ఎంత బాగా వస్తుందో! "చెయ్యి పట్టదు, నేను తోమను," అంటుంది మా ఆవిడ. రోజూ రెండు వేళ్లు దూర్చి నేనే తోముకుంటాను. అప్పుడల్లా సేఠ్ ముందు పిడికిలి ఊపిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. తోమడం విషయంలో మాత్రం వాడు చెప్పిందే నిజం.