కత్తి ఆపిన సావిత్రి మేడం

ఎక్కడైనా నొప్పుల బామ్ వాసన తగిలితే, భూపాలపల్లి దవాఖానలో నా మొదటి ఏడాది గుర్తొస్తుంది. అప్పుడు నేను కొత్త డాక్టర్ని. మా పెద్ద డాక్టరు సావిత్రి మేడం జనగామ మనిషి. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. అయినా ఆమె వస్తే నా వీపు దానంతటదే నిటారయ్యేది.

ఒకరోజు చిట్యాల వైపు తండా నుంచి మంగీబాయి అనే పత్తి కూలీ వచ్చింది. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ, దాని చుట్టూ దట్టంగా బామ్. రెండు నెలలుగా నొప్పేనని భర్త కిషన్ చెప్పాడు. మామూలు చీముగడ్డ అనుకొని, కోయడానికి అన్నీ సిద్ధం చేయించాను. అంతలో మేడం వచ్చి గడ్డ మీద చెయ్యి పెట్టారు.

"వేడి లేదు, ఎరుపు లేదు. గిదేం చీముగడ్డ? అవ్వా, జర లేచి కూసో."

మంగీబాయి గడ్డం కింద రెండు చేతులూ ఆనించి, తలను మోసుకుంటున్నట్టు లేచింది. మేడం ముఖం మారింది.

"చేతులు తిమ్మిరెక్కుతున్నయా?"

"చెంబు పట్టుకుంటే జారిపోతాంది మేడం," అన్నాడు కిషన్.

"కత్తి పక్కన పెట్టు," అన్నారు నాతో.

మెడ కదలకుండా బెల్టు కట్టించి ఎక్స్‌రే తీస్తే, మెడలోని రెండు వెన్నుపూసలు పురుగు తొలిచేసినట్టు కనిపించాయి. వరంగల్‌ పెద్ద దవాఖానకు పంపితే, అక్కడ స్కానింగ్ చేసి, గడ్డలోంచి సూదితో తీసిన చీమును పరీక్షించారు. వెన్నెముకకు టీబీ. నేను పైపైన కోసి ఇంటికి పంపి ఉంటే జబ్బు ఎముకలోనే ఉండిపోయేది. ఏదో ఒకరోజు ఆమె కాళ్లూ చేతులూ పడిపోయేవి.

"తగ్గుతదా సారూ?" అని కిషన్ అడిగితే, "మొత్తం తగ్గిపోతుంది," అనేశాను. మేడం అడ్డుపడ్డారు.

"గోలీలకు టీబీ తగ్గుతది బిడ్డా. చేతుల బలం ఎంత తిరిగొస్తదో నాకిప్పుడే తెల్వది. ఏడాది దాక ఒక్క పూట గూడ తప్పొద్దు."

కిషన్ బెదిరిపోతాడనుకున్నాను. అతను కుదుటపడ్డాడు. "తెల్వదని చెప్పిన డాక్టరు మీరొక్కరే మేడం. మీరెట్లంటే అట్ల."

మూడు నెలలకే నొప్పి పోయిందని మంగీబాయి గోలీలు మానబోయింది. మేడం స్వయంగా తండాకు పోయి, మంచం మీద కూర్చొని, నయానా భయానా ఒప్పించి వచ్చారు. ఏడాది దాటాక ఆమె బెల్టు లేకుండా నడిచొచ్చింది. నా బల్ల మీది నీళ్ల సీసా తీసుకొని, బిగుసుకున్న మూతను ఒక్క తిప్పున తీసి నవ్వింది. నాకు కళ్లు చెమర్చాయి. మేడం మాత్రం, "ఇగ పో, మల్ల దవాఖాన మొఖం చూడకు," అన్నారు.

ఇప్పుడు నేను మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. మొన్న ఒక తల్లి బిడ్డకేమైందని అడిగితే, "ఇంకా తెల్వదమ్మా, కనుక్కొని చెప్త," అన్నాను. ఆ మాట అనడానికి ఒకప్పుడు సిగ్గుపడేవాణ్ణి. ఆమె తలూపి, బిడ్డను ఒళ్లో సర్దుకొని, నిమ్మళంగా బెంచీ మీద కూర్చుంది.