కారం చేతులూ ఊలు ఉండలూ

బ్రాడీపేటలో మేము ఇరవై ఏళ్ళకు పైగా అద్దెకున్న ఇల్లు పడగొట్టి, ఆ స్థలంలో కోచింగ్ సెంటరు కడతారట. ఇంటివాళ్ళు మర్యాదస్తులే, చాలా ముందుగానే చెప్పారు. ఊరి చివర మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు ఒకటి దొరికింది. దాన్ని చూసి వచ్చిన రోజే మా అమ్మాయి కొంగు బిగించి, అటక మీదున్నవన్నీ దింపించి, ఏవి మాతో రావాలో ఏవి రాకూడదో తేల్చడం మొదలుపెట్టింది. ఇత్తడి బిందెల దగ్గర గాని, పాత కుట్టుమిషను దగ్గర గాని మా ఇద్దరికీ పేచీ రాలేదు. వచ్చిన పేచీ అంతా ఊలు దగ్గరే వచ్చింది. రెండు రేకు ట్రంకులు, ఒకప్పుడు బియ్యం పోసుకున్న డ్రమ్ము, అవి చాలక దిండు గలీబులు, అన్నిటి నిండా ఊలే. ఇంత ఊలు ఆ ఫ్లాటులో పెడితే మనుషులు మెట్ల మీద పడుకోవాలి అంది. అది చెప్పిన మాటలో అబద్ధం లేదు కనుక అమ్మేయడానికి ఒప్పుకున్నాను.

గుంటూరులో ఊలేమిటని ఈ కాలం పిల్లలు నవ్వుతారు గాని మన వయసు వాళ్ళు నవ్వరు. రోళ్ళు పగిలే ఎండల్లో పుట్టిన బిడ్డకైనా సరే, నెత్తిన ఊలు టోపీ, కాళ్ళకి ఊలు మేజోళ్ళు లేకపోతే ఏ అమ్మమ్మా ఊరుకునేది కాదు. మాడుకి గాలి సోకుతుందని భయం. అయితే ఆ టోపీని ముందే అల్లి పెట్టుకోవడానికి వీల్లేదు. బిడ్డ పుట్టకముందే కుల్లా కుట్టినట్టు అని సామెత ఉండనే ఉంది కదా, కుల్లా అంటే ఆ పసిటోపీయే. మగవాళ్ళు ఆ మాటని ఎగతాళికి వాడితే, ఆడవాళ్ళు దాన్ని శాసనంలా పాటించేవాళ్ళు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మా ఇళ్ళలోనూ అంతే, ఇదంతా మూఢనమ్మకమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా సరే.

అల్లకూడదన్నారు గాని కొనకూడదని ఎవరూ అనలేదు. నేను ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరుగా చేశాను. బంధువుల్లో గాని, బడిలో గాని ఎవరికైనా నెల తప్పిందని చెవిన పడితే చాలు, ఊలు కొని దాచేదాన్ని. పుట్టేది ఆడో మగో తెలియదు కనుక గులాబీ రంగు ఒకటి, నీలం ఒకటి. పుట్టాక ఒకటి వాడితే రెండోది మిగిలేది. అలా మిగిలిన రంగులే నలభై ఏళ్ళ పాటు మా ట్రంకుల్లో చేరాయి. నా తరువాతి వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, ఆ పిల్లలకి కొట్లో కొన్న టోపీలు పెట్టడం మొదలుపెట్టాక కూడా నాకు ఆ అలవాటు పోలేదు.

అమ్మకం సంగతి ఫోన్లో పెట్టే పని మావారు తీసుకున్నారు. ఆయన ‘ఊలు’ అని కొడితే ఫోను ‘నూలు’ అని దిద్దిందట, లేదా ఆయన వేలే తప్పు చోట పడిందో. పత్తి పండే సీమలో నూలు అమ్మకానికి ఉందంటే ఊరుకుంటారా, సాయంత్రానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. వేటపాలెం నుంచి మగ్గాలాయన ఒకరు, ఎన్నో నంబరు నూలండీ, చిలపలా కండెలా అని శ్రద్ధగా అడిగితే, మావారు అంతకంటే శ్రద్ధగా, ఉండలండీ, అన్ని రంగులూ ఉన్నాయి, పసిపిల్లల టోపీలకి బాగుంటుంది అని చెప్పారు. అవతలాయన, పెద్దవారు, మీతో ఏమంటాంలెండి అని పెట్టేశాడు. మా అమ్మాయి ఆ అక్షరం దిద్దాక ఫోన్లు ఆగిపోయాయి. రెండు రోజులు పోయాక ఒకే ఒక్క అమ్మాయి, చూసి తీసుకుంటానని కబురు పెట్టింది.

ఆ అమ్మాయి వచ్చేలోగా రంగులు విడదీద్దామని ట్రంకులు బోర్లించాం. రెండో ట్రంకు అడుగున, పాత నేతచీర ముక్కలో చుట్టిన లేత పసుపు ఊలు బయటపడింది. ఒక నిండు ఉండ, ఒకటి సగం వాడినది. ఇదీ అందులో కలపనా అని మా అమ్మాయి అడిగింది. తరువాత చెప్తానన్నాను. ఆ ఉండల్ని ఇవ్వాలో వద్దో ఆ మధ్యాహ్నమంతా నాకు తేలలేదు, ఎందుకంటే అవి నేను కొన్నవే అయినా నావి కావు. మా అమ్మవి.

అమ్మ మిరపకాయల కూలీ. చలి తగ్గి కొత్తకాయ యార్డుకి రావడం మొదలైతే ఎండలు ముదిరేదాకా గోడౌన్లలో కూర్చుని తొడిమలు తీసేది. ముక్కుకీ నోటికీ కొంగు చుట్టుకుని, చేతులకి ఆముదం పట్టించుకుని, ఎర్రటి గుట్టల మధ్య తెల్లారి నుంచి పొద్దుగూకే వరకు అదే పని. ఇంటికి వచ్చాక మజ్జిగలో ముంచినా, గంజితో కడిగినా, చింతపండు పులుసుతో రుద్దినా ఆ చేతుల్లో కారం దిగేది కాదు. గోళ్ళ సందుల్లో, వేళ్ళ గీతల్లో పట్టుకుని కూర్చునేది. అందుకని ఆ నాలుగైదు నెలలూ అమ్మ మమ్మల్ని ముట్టుకునేది కాదు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే మా నాన్నే అన్నం కలిపి పెట్టేవాడు, జడలు వేసేవాడు. ఆయన కూర్చిన పంక్తులు ఎంత తిన్నగా ఉండేవో, వేసిన జడలు అంత వంకరగా ఉండేవి. ఆ కాలంలో మాకు జ్వరం వస్తే అమ్మ చేత్తో చూసేది కాదు, చెంప ఆనించి చూసేది. తల్లి చెయ్యి తగలని పిల్లలమని మేమేమీ బాధపడలేదు. మా పేటలో సగం ఇళ్ళలో అదే తీరు కనుక, తల్లులంటే ఏడాదిలో కొన్ని నెలలు అలాగే ఉంటారనుకునేవాళ్ళం.

నేను టీచరు ట్రైనింగులో అల్లిక నేర్చుకుని సెలవులకి వచ్చినప్పుడు, అమ్మ నా పక్కన కూర్చుని చూసి చూసి తనూ నేర్చుకుంది. మాకు ప్లెయిను, పర్లు అని నేర్పారు. అమ్మ వాటికి తిన్ననిది, తిరగేసినది అని పేర్లు పెట్టుకుంది. చదువు రాని మనిషి కనుక లెక్క నోట్లో గొణుక్కుంటూ అల్లేది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే విసుక్కునేది. సూటిగా చెప్పాలంటే నాకంటే బిగువుగా అల్లేది, ఆమె అల్లిన టోపీ గుంజినా చెవుల మీద నుంచి పైకి లేచేది కాదు.

అక్క తొలికాన్పుకి ఇంటికి వచ్చినప్పుడు మిరపకాయల పని జోరుగా ఉంది. బిడ్డ పుట్టిన కబురు వినగానే అమ్మ గోడౌను నుంచే పరుగున వచ్చి, చేతులు ఎన్ని రకాలుగా కడగాలో అన్ని రకాలుగా కడిగి, ఆ పూటే ఊలు పట్టుకుంది. రెండు రోజుల్లో టోపీ సిద్ధమైంది. పెట్టిన కాసేపటికే బిడ్డ గుక్కపట్టింది. పాలకేమోనని, కడుపునొప్పేమోనని అందరం తలో మాటా అన్నాం. సింగరాయకొండ నుంచి మనవణ్ణి చూడటానికి వచ్చిన అక్క అత్తగారు టోపీ లాగేసి చూస్తే నుదురంతా ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె తన వేలు ఆ టోపీకి రాసి, పెదవికి తగిలించుకుని చూసింది.

“కారం వదినా! పసిగుడ్డు నెత్తిన కారం పెట్టావు గదా!” అంది.

చెడ్డ మనిషి కాదు, నోరు పెద్దది. ఆ మాట నాలుగిళ్ళ అవతలికి వినపడింది. కొబ్బరినూనె రాస్తే బిడ్డ సాయంత్రానికి సర్దుకున్నాడు గాని అమ్మ సర్దుకోలేదు. టోపీని పొయ్యిలో పడేసింది. ఆ తరువాత అక్కకి ఇంకో ఇద్దరు పుట్టినా, వాళ్ళకి టోపీలు అల్లినది నేనే. అమ్మ పక్కన కూర్చుని, అక్కడ వదులైంది, ఇక్కడ ఒకటి జారింది అని చెప్పేది తప్ప అల్లిక పుల్లలు ముట్టుకునేది కాదు.

పెళ్ళయిన కొన్నేళ్ళకి నాకు నెల తప్పింది. ఎండాకాలంలో కాన్పు అని చెప్పారు. అమ్మ ఆ ఏడు కొత్తకాయ వచ్చినా పనికి వెళ్ళలేదు. మోకాలు పట్టేసిందని మేస్త్రీకి చెప్పింది, నాన్నకీ అదే చెప్పింది. కూర్చుని చేసే పనికి మోకాలేం అడ్డమొచ్చిందని నాన్న గొణిగాడు. గొణగడా మరి, ఇంట్లో అమ్మ కూలి మీద నడిచే నెలలవి. ఆ కాలమంతా వాళ్ళు కూర మాట మరిచి పచ్చడి మెతుకులతో సరిపెట్టుకున్నారు. ఆ పచ్చడి కూడా నాన్నే నూరేవాడు, మోకాలు నొప్పి గల మనిషి రోలు ముందు కూర్చోలేదు కదా.

నేను పురిటికి వెళ్ళేసరికి ఇదీ పరిస్థితి. ఆడో మగో తెలియదు కనుక ఈసారి గులాబీ, నీలం కాకుండా లేత పసుపు కొని పట్టుకెళ్ళాను. అమ్మ దాన్ని గూట్లో పెట్టుకుంది. ప్రతి ఉదయం మొహం కడుక్కున్నాక ఒక ఉండని రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు నలిపి, ఆపైన వేళ్ళు కళ్ళకి అద్దుకునేది. పుట్టబోయే బిడ్డ మీద భక్తి అనుకుని నేను నవ్వుకున్నాను. ఒకరోజు ప్రార్థనకి వచ్చిన పాస్టరమ్మగారి కంట ఇది పడింది.

“ఊలుకి మొక్కకూడదమ్మా, దేవుడికి మొక్కాలి,” అని ఆవిడ మెల్లగా మందలించారు. అమ్మ తలూపింది. మర్నాడు మళ్ళీ అద్దుకుంది.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన పూట, మా అత్తగారు కూడా గదిలో ఉండగానే, అమ్మ గూట్లోంచి ఊలు తీసింది. అక్క బిడ్డ సంగతి మా అత్తగారికి తెలుసు. ఆవిడ బిడ్డని కాస్త దగ్గరికి తీసుకున్నారు. అమ్మ అది చూసింది. చూసి, పుల్లలు పక్కన పెట్టి, కంటి కింది రెప్ప లాగి పట్టుకుని, చూపుడువేలు లోపలికంటా పెట్టి, తరువాత రెండో కన్నూ అలాగే చేసి, మా వైపు తిరిగి కూర్చుంది. కన్ను ఎర్రబడలేదు. నీరు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ అమ్మ కళ్ళకి అద్దుకున్నది భక్తితో కాదని నాకు అప్పుడు అర్థమైంది.

“మండట్లేదమ్మా,” అంది మా అత్తగారితో. “నెల్నాళ్ళ నించీ మండట్లేదు. రోజూ చూసుకుంటానే ఉన్నా.”

“మరి మోకాలు?” అన్నాను నేను.

“మోకాలికేమే, గుండ్రాయిలా ఉంది,” అంది.

మా అత్తగారు లేచి వచ్చి బిడ్డని అమ్మ ఒళ్ళో పెట్టారు. అమ్మ అరచెయ్యి మొత్తం ఆ చిన్న తల మీద ఆనించి, అలాగే చాలాసేపు ఉంచింది. తరువాత అదే చెయ్యి నా చెంపకి రాసింది. మిరపకాయల కాలంలో అమ్మ అరచెయ్యి నాకు తగలడం, నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. నేను ఏడ్చాను. పచ్చి బాలింతవి ఏడవకూడదని ఇద్దరూ కలిసి కసిరారు. టోపీ మర్నాటికి పూర్తయింది, బిడ్డ దాన్ని పెట్టుకుని హాయిగా నిద్రపోయింది. మరుసటి ఏడు అమ్మ మోకాలు బాగుపడిందని చెప్పి మళ్ళీ గోడౌనుకి వెళ్ళింది.

ఆ టోపీ మా అమ్మాయి నోట్లో పెట్టుకుని పెట్టుకుని పీలికలు చేసింది. మిగిలిన ఊలే ఇది.

కొనడానికి వచ్చిన అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఊలుతో పూలు, బొమ్మలు అల్లి ఫోన్లోనే అమ్ముతుందట. చకచకా సంచుల్లో సర్దుకుంది, ధర సంగతి మా అమ్మాయే చూసుకుంది. వెళ్ళబోతూ మంచం మీదున్న పసుపు ఉండల్ని చూసి ఆగింది. వాళ్ళక్కకి వచ్చే నెల కాన్పట.

“ఈ రంగు మా అక్క బేబీకి భలే ఉంటదాంటీ. టోపీ, సాక్సు, స్వెట్టరు, మొత్తం సెట్టు ఈ వారంలో అల్లేస్తా,” అంది.

సామెత నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మా అమ్మాయి నా మొహం వైపు చూస్తోంది. దానికి ఈ కథ కొంత తెలుసు. ఇంకా కొన్నేళ్ళు ట్రంకులో పెట్టినా ఈ ఊలు ఎవరి నెత్తికెక్కుతుంది? అమ్మ పనులు మానుకుని చేతులు బాగు చేసుకున్నది పసిబిడ్డ కోసమే గాని ట్రంకు కోసం కాదు కదా. రెండు ఉండలూ ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. డబ్బు పుచ్చుకోలేదు. ఒక్క మాట మాత్రం చెప్పాను, మిరపకాయలు ముట్టుకున్న చేత్తో దీన్ని పట్టుకోకమ్మా అని.

ఆ అమ్మాయి నవ్వింది.

“మా ఇంట్లో మిరపకాయలెక్కడియ్యాంటీ! ప్యాకెట్ కారమేగా, అదీ స్పూన్‌తోనే,” అంది.

గుంటూరు పిల్ల. మిరపకాయ ముట్టుకోకుండా పెరిగింది. నాకు మొదట ఆశ్చర్యం వేసింది, తరువాత సంతోషమే కలిగింది, ఆ తరువాత ఎందుకో మనసు చిన్నబోయింది. మా అమ్మ ఒక కాపు మొత్తం కూలి మానుకుని, ఇంటిల్లిపాదినీ పచ్చడి మెతుకులతో సరిపెట్టి తెచ్చుకున్న చేతులు, ఈ కాలం ఆడపిల్లలకి పుట్టుకతోనే వస్తున్నాయి. అలాగే రావాలి. గోడౌన్లలో ఇప్పటికీ ఎవరో తొడిమలు తీస్తూనే ఉన్నారు, వాళ్ళ పిల్లల చెంపలకి ఆ చేతులు ఎప్పుడు తగులుతున్నాయో నాకు తెలియదు. ప్యాకెట్ మీద ఆ సంగతి రాయరు.

స్కూటీ సందు మలుపు తిరిగాక లోపలికి వచ్చి, ఖాళీ ట్రంకు పక్కన కూర్చుని, చూపుడువేలు కంటికి అద్దుకుని చూశాను. మండలేదు. మా ఇంట్లో కూడా కొన్నేళ్ళుగా ప్యాకెట్ కారమే.