గీతకి అవతల దణ్ణం

మ్యాచ్‌కి ముందు మా అమ్మాయి మోకాళ్ళకి బామ్ రాస్తుంటే, ఆ ఘాటుకి కాకినాడలో నా చిన్నతనం గుర్తొచ్చింది. అప్పుడు నా కాలు ఒక్కచోట నిలిచేది కాదు. పొద్దున్న కూచిపూడి, సాయంత్రం స్కూల్లో కబడ్డీ. డాన్సు మాస్టారు కర్రతో తాళం వేస్తూ "మోకాళ్ళు వంచండమ్మా, ఇంకా కిందికి!" అనేవారు. పీఈటీ సారు విజిల్ పట్టుకుని అదే మాట అరిచేవారు. రెండూ ఒకటేనని నేను తేల్చేసుకున్నాను.

మొదటి మ్యాచ్‌లో కూతకి వెళ్ళాను. గీత దాటగానే, డాన్సు మొదలుపెట్టే ముందు చేసినట్టే, వంగి నేలని తాకి కళ్ళకద్దుకున్నాను. నమస్కారం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరనుకున్నాను. అవతలి జట్టంతా మీద పడింది.

"దణ్ణం గీతకి ఇవతల పెట్టుకోవాలి తల్లీ!" అని సారు తల పట్టుకున్నారు.

మర్నాడు చెబితే డాన్సు మాస్టారు నవ్వలేదు. "ఎంత తొక్కినా నేల ఊరుకుంటుందమ్మా. మనుషులు ఊరుకోరు" అన్నారు.

ఇప్పుడు మా అమ్మాయి కూతకి లేచింది. నేను కుర్చీలో కూర్చోలేక నిలబడ్డాను. గీతకి ఇవతలే వంగి నేలకి దణ్ణం పెట్టుకుంటోంది.

ఇంకాసేపు పెట్టుకుంటే బావుండును.