పిలిస్తే వచ్చే పందిపిల్ల

సునామీ వచ్చిన రెండేళ్లకు అండమాన్‌లో ఉండే పిన్ని ఇంటికి వెళ్లాను. ఒకరోజు బాబాయి నన్ను ఫెరార్‌గంజ్‌లో తన స్నేహితుడి పందుల ఫారానికి తీసుకెళ్లాడు. అక్కడ ఒక నికోబారీ ఆవిడ పందిపిల్లల్ని ఎంచుకుంటోంది. ఆమె పందులన్నీ సముద్రంలో కొట్టుకుపోయాయట. మళ్లీ మంద మొదలుపెట్టాలి.

"ఆ తెల్లది తీస్కోండి దీదీ. జల్దీ బరువెక్కుద్ది. ఈ నల్ల పొట్టిది ఎంత మేపినా ఇంతే," అన్నాడు యజమాని.

ఆవిడ బురదలోనే కూర్చుని, కొబ్బరి ముక్క పట్టుకుని సన్నగా పిలిచింది. తెల్లవి తొట్టిలోంచి తల ఎత్తలేదు. నల్లది మేత వదిలి వచ్చింది. ఆవిడ ముక్క పెట్టకుండా దూరం జరిగి మళ్లీ పిలిచింది. మళ్లీ వచ్చింది.

కొత్తవాళ్లతో నోరు విప్పని నేను, వచ్చీరాని హిందీలో, ఎందుకలా అని అడిగేశాను.

"మావి పగలంతా అడవిలో తిరుగుతాయి. పిలిస్తే ఇంటికొస్తాయి," అని హిందీలోనే చెప్పింది. "ఆ రోజు గుట్టమీదికి పరిగెత్తాను. పిలిచే వ్యవధి లేకపోయింది."

"ఒక్కదానితో మంద ఎలా అవుద్ది దీదీ?" యజమాని నవ్వాడు.

ఆవిడ నల్లపిల్లను ఒడిలోకి తీసుకుంది.

"ఇది ఆడది. ఇప్పుడు మగపిల్లల్ని ఇటు వదులు," అని మళ్లీ పిలవడం మొదలుపెట్టింది.