చూడడానికీ, తీసుకుపోవడానికీ నడుమ

కంప్యూటర్ టీచరమ్మ చనిపోయారన్న సంగతి గద్వాల మార్కెట్లో వేరుశనగ బస్తాలు దించుతుండగా తెలిసింది. మా ఊరి ఆటో డ్రైవర్ చెప్పాడు.

"పొద్దుగాల గుండెల నొస్తుందన్నదంట. దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వల్నే పాయె."

అన్నీ వదిలేసి పరుగెత్తానంటే అబద్ధం. తూకం అయ్యాకే బయల్దేరాను. ఆమె ఉన్నా అట్లాగే చేయమనేవారు.

ధరూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరికి ఆమె కోడలిగా వచ్చారు. కొన్నాళ్ళు గద్వాలలో కాలేజీ పిల్లలకు కంప్యూటర్ చెప్పి, తర్వాత ఇంటి దగ్గరే ఉన్నారు. మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. దేన్ని చూసినా "ఇది ఎవరిది?" అని అడగడం ఆమెకు అలవాటు. మా చింతచెట్టు కొమ్మ వాళ్ళ వాకిట్లోకి వంగితే, ఆ నీడ ఎవరిదని మా అమ్మను అడిగారు.

"నీడకు పట్టా ఉంటదా టీచరమ్మా, కూసో," అంది అమ్మ.

ఆమె కూర్చున్నారు. ఆలోచించడం మాత్రం ఆపలేదు.

మా పొలాలకు నీళ్ళు నదిలోంచే రావాలి. మోటార్లను నీటి అంచుదాకా దించి పెడతాం. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తితే వాటిని ఒడ్డుకు లాగాలి. ఆలస్యమైతే మోటారూ పైపులూ కొట్టుకుపోతాయి. గేట్ల సమాచారాన్ని ప్రాజెక్టు ఆఫీసు వాళ్ళు తమ వెబ్‌సైట్‌లో పెడతారు. అక్కడ కొత్త సంగతి పడగానే ఇంకో కంప్యూటర్ దానంతటదే చదువుకునేలా ఒక ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఫీడు అంటారు. టీచరమ్మ తన కంప్యూటర్‌తో ఆ ఫీడును చదివించి మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి పంపేవారు. ఆమెను ఎవరూ అడగలేదు. పని చేస్తుందో లేదో చూద్దామని మొదలుపెట్టారు.

మొదలుపెట్టాక పాత అనుమానమే వచ్చింది. ఒకప్పుడు మా ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసిన తాతను వాకిట్లో కూర్చోబెట్టి అడిగారు.

"తాతా, పంచాయితి మాట నువ్వు చాటితే అది ఎవరి మాట?"

"మాట వాళ్లది, గొంతు నాది. ఎవరు చాటమన్నరో ముందుగాల చెప్పాలె. నడుమ నా మాట కలిపితే వీపు పగుల్తది."

"చాటమని వాళ్లు నీకు చెప్పిన్రు. నాకు ఎవ్వరు చెప్పలే గద?"

"మరి ఎందుకు చాటుతున్నవు?" అన్నాడు తాత. ఆమె చాలాసేపు నవ్వారు. ఆ రోజు నుంచి ప్రతి కబురుకూ ముందు ఆఫీసు పేరు, వాళ్ళు పెట్టిన టైము చేర్చారు. మాటిమాటికీ అడిగితే ఆఫీసు కంప్యూటర్ మీద భారం పడుతుందని, తన కంప్యూటర్ జర ఆగి ఆగి అడిగేలా కూడా మార్చారు. ఇది తాత చెప్పింది కాదు, ఆమెకు తోచింది.

ఒక వానాకాలం, ఫోన్లో వార్తలు నడిపేవాళ్ళెవరో ఆమె కబురు ఎత్తుకున్నారు. ఆఫీసు పేరూ టైమూ తీసేసి తమ పేరు పెట్టుకున్నారు. అది ఊళ్ళన్నీ తిరిగి, నది తగ్గాక మళ్ళీ మా ఫోన్లకే వచ్చింది. గేట్లు మళ్ళీ ఎత్తారనుకుని అందరం మోటార్లు లాగేశాం. నారుమళ్ళు ఎండాయి.

"నీ ఫోన్ ముచ్చట్లతోని నా నారు మాడిపాయె," అని ఒకాయన ఆమె గడప ముందు నిలబడ్డాడు.

"కబురు నాదే అన్నా. తలకాయ వాళ్లు కోసిన్రు," అని తను పంపిందీ, వాళ్ళు తిప్పిందీ పక్కపక్కన చూపించారు. ఆయన చూశాడు గానీ కోపం తగ్గలేదు.

ఈ గొడవ ఆఫీసు దాకా పోయింది. రమ్మని ఫోన్ వస్తే నా బండి మీదే తీసుకుపోయాను. అక్కడి సారు మర్యాదగానే మాట్లాడాడు.

"అందరు చూస్తరని పెట్టినం మేడం. అందరు తీస్కపోతరని కాదు గద."

"చూసుడుకు, తీస్కపోవుడుకు నడుమ గీత యాడుంది సారూ? నాకు తెల్వకనే అడుగుతున్న."

సారు పై ఆఫీసును అడిగి చెప్తానని, అందాక ఆపమని అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు నాకే కోపం వచ్చింది. "పైన వానలు పడుతున్నయి. గిప్పుడు ఆపితే మోటార్లు పోవా?"

"నాకు హక్కుందనే అనుకుంట. గానీ అడిగిండు, ఆపుత. నేను తెచ్చుడు మీదనే గద వాళ్లకు అనుమానం? మీరు చూసుడు మీద ఎవ్వరికి లేదు."

మరునాడు టీ హోటల్ బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరి ఫోన్లలో ఆ వెబ్‌సైట్ తెరిచి చూపించడం మొదలుపెట్టారు.

"నాకు అచ్చరాలు రావమ్మా," అంది నాట్లేసే ఒక పెద్దామె.

"అంకెలొస్తయి గద. కొడుక్కు ఫోన్ చెయ్యవా?"

"వాడే చేస్తడు. నేను చేస్తే ఎత్తడు."

హోటలంతా నవ్వింది. అయినా ఆమె నేర్చుకునేదాకా టీచరమ్మ వదల్లేదు. ఆ వారమే గేట్లు ఎత్తారు. మా ఒడ్డున ఒక్క మోటారూ పోలేదు.

తర్వాత ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఎక్కడిదో చెప్పి, మార్చకుండా, వాళ్ళ సైటుకు భారం కాకుండా ఎవరైనా వాడుకోవచ్చట. ఆమె మళ్ళీ పంపడం మొదలుపెట్టారు. వెంటనే ఇంకో ప్రశ్న కూడా రాశారు: మరి దీన్ని ఎవరైనా అమ్ముకుంటే? దానికి జవాబు ఇంకా రాలేదు.

ఆమె పోయాక గ్రూపులో గేట్ల కబురు రావడం ఆగిపోయింది. ఆ ఏర్పాటు నడపడం మాలో ఎవరికీ రాదు.

మొన్న వరద వచ్చేముందులా నది రంగు మారింది. ఒడ్డుకు పోయేసరికి జనం ఉన్నారు. గేట్ల వెబ్‌సైట్ తెరవడానికి సిగ్నల్ అందక ఒక కోడలుపిల్ల, కొంగు నడుముకు చెక్కుకుని, పెద్ద బండ మీదికి ఎక్కి ఫోన్ పైకెత్తింది. కింద మోకాలిలోతు నీళ్ళలో తాళ్ళు పట్టుకున్న మగవాళ్ళంతా కదలకుండా ఆమె నోటి వైపే చూస్తున్నారు.